ఆర్సీ పుస్తకంలో లేని పేరు

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ఒక అలవాటు ఉంటుంది. ప్రతి చేతికి రాగానే కావ్యం చదవటానికి కూర్చోరు. ముందు చివరి ఆకు తిప్పి చూస్తారు. ఎవరు వ్రాశారు, ఎవరి కోసం వ్రాశారు, ఏ ఊళ్ళో ముగించారు అన్న సంగతులు లేఖకుడు వ్రాసిపెడితే సాధారణంగా అక్కడే ఉంటాయి. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులను పోల్చి చూపించిన రోజుల్లోనూ, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తాళపత్రాల కోసం ఊళ్ళు తిరిగిన రోజుల్లోనూ పద్ధతి ఇదే. ఏ చేతినుండి ఏ చేతికి వచ్చిందో తెలిస్తే గాని, ప్రతిలోని పాఠాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలియదు.

ముప్పైమూడేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న నాకు ఈ విద్యతో ఒక అంబాసిడర్ కారును పరిష్కరించవలసి వస్తుందని ఎవరూ చెప్పలేదు. మా మేనల్లుడికి పాత కార్ల పిచ్చి. గుంటూరులో స్థిరపడ్డాక చిలకలూరిపేటలో ఒక పెద్దాయన దగ్గర 1977 నాటి అంబాసిడర్ మార్కు-3 కొన్నాడు. దానికి రంగు వేయించి, తుప్పు గీకించి, పాత వాహనాల ప్రదర్శనలో నిలబెట్టాలని వాడి కోరిక. ప్రదర్శనలో ప్రతి కారు ముందూ దాని చరిత్ర తెలిపే అట్ట ఒకటి పెడతారట. "మావయ్యా, పాత ప్రతులు చదవటం మీకు అలవాటేగా. దీన్ని కూడా చదివిపెట్టండి" అని ఆర్సీ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

గొప్పవారి కార్లకు చరిత్ర వెతకనక్కరలేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నాలుగువందల మైళ్ళయినా తిరగలేదని ప్రసిద్ధి. అయినా దాని గురించి వ్రాసినవారు ఎందరో. మన అంబాసిడర్‌కు పుట్టినిల్లు అనదగిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 కారు 1956లో ఇంగ్లండులోని కౌలీ కర్మాగారంలో తయారయింది. ఆ దేశంలో ఆనాటి కారు ఉన్నవారు గేడన్ అనే ఊళ్ళోని బ్రిటిష్ మోటారు మ్యూజియానికి వ్రాస్తే, కర్మాగారపు దస్తరాలు చూచి ధ్రువపత్రం పంపిస్తారు. కారు జాతకం అన్నమాట. ఆ కారు అచ్చులతోనే కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడర్‌ను చేయటం మొదలుపెట్టారు. 1957-58 ప్రాంతంలో మొదలైన ఆ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును సైతం ఎనభై కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ కొనుక్కొన్నది. మన సామాన్యుడి కారుకు మిగిలిన గ్రంథం ఆర్సీ పుస్తకం ఒక్కటే.

ఇప్పటి ఆర్సీ ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క. ఆనాటిది నిజంగా పుస్తకమే. నలిగిన అట్ట, లోపల గళ్ళు గీసిన పుటలు, గుండ్రని ముద్రలు, ముగ్గురు నలుగురు గుమాస్తాల చేతివ్రాతలు. మొదటి పుటలో చాసిస్ నంబరు స్పష్టంగా ఉంది. ఇంజను నంబరు మాత్రం ఎర్రసిరాతో కొట్టివేసి, పైన వేరొకటి వ్రాశారు. "పెట్రోలు" అన్నచోట "డీజిలు" అయింది. మా పరిభాషలో దీనిని ప్రక్షిప్తం అంటాము. మూలకర్త వ్రాయనిది, తరువాతివాడు తన అవసరం కొద్దీ చేర్చినది. అంబాసిడర్లలో ఈ ప్రక్షిప్తం చాలా సాధారణం. కంపెనీవారే 1980లో డీజిలు ఇంజను తెచ్చిన తరువాత, పెట్రోలు ఖర్చు భరించలేనివారు పాత కార్లకు కూడా డీజిలు ఇంజన్లు ఎక్కించుకొన్నారు.

యజమానుల గడిలో మూడు పేర్లు ఉన్నాయి. 1977లో గుంటూరులోని ఒక పొగాకు వ్యాపారి. 1983లో పర్చూరు పరిసర గ్రామంలోని ఒక రైతు. 1988లో చిలకలూరిపేట నివాసి. ఈ మూడు చోట్లూ 1970కి పూర్వం ఒక్క గుంటూరు జిల్లాలోనివే. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. పర్చూరు అటు వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ విభజన జరిగి పర్చూరు బాపట్ల జిల్లాకు, చిలకలూరిపేట పల్నాడు జిల్లాకు చెందాయి. కారు నడిచిన నేల మారలేదు, చిరునామాలే మారాయి.

పొగాకు, పత్తి, కిరాయి. ముగ్గురు యజమానుల వృత్తులను వరుసగా చదివితే మా ప్రాంతపు అర్ధశతాబ్ది చరిత్ర అంతా అందులో ఉన్నదనిపించింది.

పుస్తకం చెప్పని సంగతి ఒకటి కారే చెప్పింది. డిక్కీ అడుగున రేకు గుండ్రగుండ్రంగా తినివేయబడి ఉన్నదని మెకానిక్కు చూపించాడు. వానకు పట్టిన తుప్పయితే అంచుల వెంట వస్తుందనీ, ఇది ఏవో డబ్బాలు పెట్టి పెట్టి కారిన ముద్ర అనీ అతని అభిప్రాయం. ఆ ముద్రల అర్థం తెలుసుకోవటానికి చిలకలూరిపేట వెళ్ళాను.

కారు మా వాడికి అమ్మిన పెద్దాయనకు డెబ్బై దాటాయి. నన్ను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, అప్పుడు నోరు విప్పాడు. 

"నేను ముందు ఆ కారుకు డ్రైవర్నండి మాస్టారూ. యజమానినయింది తర్వాత. పర్చూరు వైపు రైతుగారు గుంటూర్లో పొగాకు వాళ్ళ దగ్గర కొన్నరోజున దాన్ని ఊరికి తోలుకొచ్చింది నేనే."

గుండ్రని ముద్రల సంగతి అడిగాను. నవ్వాడు. "మందు డబ్బాలండి. పత్తికి కొట్టే మందు. వెనకసీట్లో పెళ్ళివాళ్ళు, డిక్కీలో మందు డబ్బాలు. పెళ్ళికూతురు కూడా ఆ వాసనలోనే అత్తారింటికి వెళ్ళేది."

ఇక్కడ పత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఈ నల్లరేగడి నేలల్లో పొగాకుకు తోడుగా, 1970ల నుండి పత్తి సాగు విపరీతంగా పెరిగింది. 1972లో ధార్వాడ్‌లో విడుదలైన వరలక్ష్మి వంటి సంకర రకాలు, కోయంబత్తూరు నుండి వచ్చిన పొడుగుపింజ రకాలు వచ్చి రైతుకు మునుపెన్నడూ చూడని డబ్బు చూపించాయి. కొత్త మేడలు లేచాయి. మేడ ముందు అంబాసిడర్ నిలిచింది. ఇక్కడి రైతులు కర్ణాటక వరకు వెళ్ళి భూములు కొని పత్తి వేశారు. కాని ఆ పంటకు పురుగు ఎక్కువ. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో కొట్టగానే పురుగు రాలిపోయేది. రైతు సంబరపడి మళ్ళీ మళ్ళీ కొట్టాడు. పురుగును తినే మిత్రకీటకాలు చచ్చాయి. పురుగు మాత్రం మందుకు అలవాటు పడింది. 1987లో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగలేదు. తెల్లదోమ చేలను కప్పేసింది. అది విసర్జించే తేనెబంక మీద మసి పట్టి తెల్లని పత్తి నల్లబడింది. ఆ 1987-88 పంటకాలంలో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు వరుసగా పురుగుమందు తాగి చనిపోయారు. రైతు ఆత్మహత్య అనే మాట పత్రికల్లో తరచు కనిపించటం మన ప్రాంతంలో అప్పుడే మొదలైంది. అప్పటికి నేను గుంటూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. సంక్రాంతి సెలవుల తరువాత హాజరుపట్టీలో కొన్ని పేర్ల ఎదుట వరుసగా సున్నాలు పడుతూ వచ్చాయి. పిల్లలను పిలుచుకొని కుటుంబాలు కూలికి వలసపోయాయి.

"మరి కారు ఎందుకు అమ్మారు?" అని అడిగాను.

"అప్పులండి. మందుల కొట్లో బాకీ, బ్యాంకులో బాకీ. నాకు కూడా రెండేళ్ళ జీతం బాకీ. జీతం కింద కొంత పట్టుకొని, మిగతాది నాలుగేళ్ళలో ఇమ్మన్నారు. అట్లా నా పేరుకు మారింది."

అక్కడితో ఆగి ఉంటే అట్ట మీద వ్రాయటానికి సరిపడా చరిత్ర దొరికినట్లే. కాని ఆయన ఆగలేదు. అమ్మకానికి పది రోజుల ముందు ఒక రాత్రి జరిగిన సంగతి చెప్పాడు. రైతుగారి పొలంలో ఆరెకరాలు కౌలుకు చేసే మనిషి ఒకడు చేలోనే మందు తాగాడు. ఊళ్ళో ఉన్న కారు ఇదొక్కటే. వెనకసీట్లో పడుకోబెట్టి, భార్య ఒడిలో తల పెట్టి, పదేళ్ళ కొడుకును ముందు కూర్చోబెట్టుకొని గుంటూరు ఆసుపత్రికి బయలుదేరారు. చిలకలూరిపేట దాటి, మద్రాసు-కలకత్తా జాతీయ రహదారి ఎక్కి, యడ్లపాడు దాటిన తరువాత వెనకనుండి ఏడుపు వినిపించింది.

"నేను బండి ఆపలేదండి. ఆపితే పోయాడని ఒప్పుకున్నట్టు ఉంటుందని గుంటూరు దాకా తోలాను."

ఆ మనిషి పేరు ఆర్సీ పుస్తకంలో ఉండదు. అది సహజమే. అది యజమానుల పుస్తకం. తరువాత ఆలోచిస్తే, ఆయన దున్నిన భూమి కాగితాల్లోనూ ఆయన పేరు లేదు. 1971లో వచ్చిన చట్టం ప్రకారం పట్టాదారు పాసు పుస్తకం భూమి యజమానికి వస్తుంది. బ్యాంకు అప్పు ఆ పుస్తకం చూచి ఇస్తారు. నష్టపరిహారం ఆ పేరు మీద వస్తుంది. కౌలుదారుకు మందుల కొట్టే బ్యాంకు. మందు అరువు ఇచ్చినవాడే వడ్డీ వేస్తాడు, పత్తి కూడా వాడికే తూచాలి. పండినా పండకపోయినా కౌలు మాత్రం కట్టాలి. కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇవ్వటానికి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం 2011లో గాని రాలేదు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 1988లో ఆ మనిషి రైతు అని చెప్పే కాగితం ముక్క ఎక్కడా లేదు.

పర్చూరు వైపు వెళ్ళాను. రెండవ యజమాని అయిన రైతుగారు పోయి చాలాకాలమైంది. భార్య ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. కారు ఫోటో చూపిస్తే కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూచారు.

"అప్పుల కోసం అమ్మారని డ్రైవరు చెప్పాడా? అప్పుకి అమ్మాలంటే పొలం లేదూ బాబూ? ఆ రాత్రి తర్వాత ఆయన అందులో కూర్చోలేకపోయారు. బజారుకి కూడా నడిచే వెళ్ళారు. ఇంటి ముందు కనపడకుండా తీసుకుపొమ్మని డ్రైవరుకిచ్చారు."

ఒకే వాక్యానికి రెండు పాఠాలు దొరికాయి. డ్రైవరు చెప్పినది అప్పు. ఆవిడ చెప్పినది దుఃఖం. పరిష్కర్త సాధారణంగా ఒక పాఠాన్ని పైన పెట్టి, రెండవదాన్ని అడుగున పాఠాంతరంగా చూపిస్తాడు. ఇక్కడ ఏది పైన పెట్టాలో నాకు బోధపడలేదు. రెండూ నిజమే కావచ్చు. మనిషి ఒక పనిని ఒక్క కారణంతో చేయడు.

మూడవ సాక్షి కౌలుదారు కొడుకు. ఆ పదేళ్ళ పిల్లవాడికి ఇప్పుడు దాదాపు ఏభై ఏళ్ళు. గుంటూరు మిరపయార్డులో గుమాస్తాగా ఉన్నాడని డ్రైవరుగారే చెప్పి, ఫోను చేసి, నేను వస్తున్నానని తెలియజేశాడు. యార్డుకు వెళ్ళటం అలవాటు లేనివారికి అక్కడ మొదటి పావుగంట దగ్గటంతోనే సరిపోతుంది. అతడు బస్తాల నీడలో నాకు స్టూలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, నేను చెప్పినది అంతా విన్నాడు.

"నేను కారెక్కటం అదే మొదలు సార్. గేరు స్టీరింగు పక్కన ఉండేది. ఆయన దాన్ని పైకీ కిందికీ లాగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడొద్దని అమ్మ చెప్పింది."

కాసేపాగి మళ్ళీ అన్నాడు. "ఆ కారు ఆ రోజు మాకోసం రెండుసార్లు వచ్చింది సార్. రాత్రి వచ్చింది రెండోసారి. పొద్దున్న వచ్చింది కౌలు డబ్బు కోసం."

ఈ మాట డ్రైవరుగారు చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. నాలుగు రోజుల తరువాత మళ్ళీ చిలకలూరిపేట వెళ్ళి సూటిగానే అడిగాను. ఆయన తల దించుకొన్నాడు.

"వెళ్ళింది నిజమే మాస్టారూ. దొరగారు కారు దిగలేదు. అద్దం దించి అడిగారు. తిట్టలేదు, కేక వెయ్యలేదు. సంక్రాంతి వెళ్ళిందిగా, ఏం చేస్తావురా అన్నారు. అంతే. ఆయనకీ కొట్టువాడు కబురు మీద కబురు పెడుతున్నాడు."

ఇన్నేళ్ళు ఆ మాట ఆయన ఎందుకు దాచుకొన్నాడో అడగలేదు. జీతమిచ్చిన యజమాని మీద మాట రానివ్వకపోవటం ఆ తరం డ్రైవర్ల ధర్మం. ఆ కారు మీదనే తరువాత ఆయన ముప్పై ఏళ్ళు కుటుంబాన్ని పోషించాడు. ఇంజను మార్చి, సీట్లు మార్చి, చివరికి రంగు కూడా మార్చాడు. మార్చినవన్నీ ఖర్చు తగ్గించుకోవటానికేనా అన్నది నేను ఊహించగలిగినదే గాని, రుజువు చేయగలిగినది కాదు.

ఇక అట్ట మీద ఏమి వ్రాయాలన్న ప్రశ్న మిగిలింది. మేనల్లుడితో అంతా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ప్రదర్శనకు వచ్చేవాళ్ళు ఫోటోలు తీసుకోవటానికి వస్తారు మావయ్యా. ఇదంతా వ్రాస్తే..." అని ఆగిపోయాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. ఆవిడ బతికి ఉన్నారు. భర్త అద్దం దించి అడిగిన ఒక్క ప్రశ్నను నలుగురూ చదివేచోట పెట్టే హక్కు నాకు లేదు. అడిగినవాడు దుర్మార్గుడు కాడు. అతడి మెడ మీదా అదే తెల్లదోమ వాలింది. కాకపోతే అతడికి అమ్ముకోవటానికి ఒక కారు ఉంది. రెండవవాడికి చేలోని పత్తి తప్ప ఏమీ లేదు, ఆ పత్తి నల్లగా ఉంది. ఇద్దరికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ ఆర్సీ పుస్తకమంత మందమే.

అయితే యజమానుల పేర్లు మూడూ వ్రాసి, ఆ నాలుగవ మనిషిని వదిలివేస్తే, నేనూ ఒక గుమాస్తానే అవుతాను గాని పరిష్కర్తను కాను. కొడుకును అడగటమే ధర్మమనిపించి మిరపయార్డుకు ఫోను చేశాను. మీ నాన్నగారి పేరు వ్రాయమంటారా, వద్దంటారా అని అడిగాను. అమ్మను అడిగి చెబుతానన్నాడు. సాయంత్రానికి తనే ఫోను చేశాడు.

"వ్రాయండి సార్. పొద్దుటి సంగతి వద్దు. పేరు మాత్రం వ్రాయండి. అమ్మ ఇంకో మాట చెప్పమంది. కౌలు రైతు అని వ్రాయొద్దట. రైతు అని వ్రాయమంది."

తెలుగు పండితుడిగా నేను ఎన్నో వ్యాసాలు దిద్దాను. అనవసరమైన విశేషణాలు కొట్టివేయమని పిల్లలకు చెప్పేవాడిని. ఒక విశేషణాన్ని కొట్టివేయటానికి ఇంత బలమైన కారణం అంతకుముందు నాకెవరూ చూపించలేదు.

అట్ట తయారయింది. పైన కారు వివరాలు: మార్కు-3, 1977, ఉత్తరపారా, పెట్రోలు నుండి డీజిలుకు మారిన ఇంజను. దాని కింద ముగ్గురు యజమానుల ఊళ్ళూ, సంవత్సరాలూ. ఆ కింద ఒక పంక్తి: 1988లో పర్చూరు ప్రాంతం నుండి గుంటూరు ఆసుపత్రికి ఈ కారులో ప్రయాణించిన రైతు, అని ఆయన పేరు. ఆ పేరును ఇక్కడ వ్రాయటం లేదు. దాన్ని అట్ట మీద వ్రాయటానికే ఆ కుటుంబం అనుమతి ఇచ్చింది. పొద్దుటి సంగతి ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు లేకుండా మీకు మాత్రం చెప్పవచ్చునా అని కొడుకునే అడిగాను. "చెప్పండి సార్, ఎవరిదని తెలియకపోతే అది అందరిదీ" అన్నాడు.

మీలో చాలామంది ఇళ్ళలో పాత వాహనాలు ఉంటాయి. తాతగారి కారో, మామగారి స్కూటరో, చావిట్లో తుప్పు పడుతున్న ట్రాక్టరో. దాని ఆర్సీ పుస్తకం దొరికితే ఒకసారి తీసి చదవండి. యజమానుల పేర్లు ఎలాగూ ఉంటాయి. దాన్ని తోలినవారు, తుడిచినవారు, అందులో ఆసుపత్రికి వెళ్ళినవారు ఎవరో చెప్పగలిగే పెద్దలు ఇంకా ఉండగానే అడిగి, ఒక కాగితం మీద వ్రాసి ఆ పుస్తకంలో పెట్టండి. మా మేనల్లుడి కారు ఆర్సీలో ఇప్పుడు అటువంటి కాగితం ఒకటి మడిచి పెట్టి ఉంది. అందులో పొద్దుటి సంగతి కూడా ఉంది.